మూడో పోటు

పీతలపేట దగ్గర మొదలై శుక్తిద్వారం రేవు దాకా, రెండామడల పొడవున, నల్లరాతి కొండ ఒకటి సముద్రం అంచున బోర్లా పడుకుని ఉంటుంది. దాని పేరు మొసలివీపు. ఒక పక్క చూస్తే కళ్ళు తిరిగే లోతు, అడుగున తెల్లని నురగ, ఆ నురగ విడిన చోట పచ్చలు కరిగించి పోసిన రంగులో నీరు. ఇంకో పక్క మొగలిపొదలు, పొన్నచెట్లు, వాటి మీద ఎప్పుడూ ఏదో తగువు తీర్చుకుంటూ ఉండే సముద్రపు కాకులు. సూర్యుడు నీళ్ళలోంచి లేచేటప్పుడు ఆ కొండ కాసేపు రాగిరంగు, కాసేపు బంగారు రంగు, అది చాలు అనుకుని మళ్ళీ నలుపు. పక్షులకు అది స్వర్గమే. మేకలకు కూడా ఫరవాలేదు. గైరికపురపు మూడో రాజకుమారుడు హేమాంగదుడు మాత్రం పూర్ణిమ ఉదయాన ఆ కొండదారి మొదట్లో నిలబడి, దారి ఎక్కడుందా అని వెతుకుతున్నాడు. దారి అతని కాళ్ళ కిందే ఉంది. అంత సన్నం కావడం వల్ల కనబడలేదు.

అతను అక్కడికి రావడానికి కారణం ఒక గొంతు. ఉల్లోలుడనే మాంత్రికుడికి లోకంలోని విద్యలన్నీ వచ్చు గానీ, నోరు విప్పితే చెవి దగ్గర దోమ తిరిగినట్టుంటుంది. అందుకని మంచి గొంతు ఎక్కడ వినబడినా అక్కడికి వెళ్ళి, దాన్ని శంఖంలోకి పీల్చి, మూతికి మైనం పెట్టి పట్టుకుపోవడం అతని పద్ధతి. గైరికపురం ఏలే సింహనాద మహారాజు కోటబురుజు మీంచి ఒక కేక వేస్తే మూడో ఊళ్ళో దుక్కిటెద్దులు ఆగేవి. అలాంటి గొంతు తొమ్మిది రోజుల కిందట నిండుసభలో, మాట మధ్యలో మాయమైంది. ఇప్పుడు మహారాజు ఎవరినైనా తిట్టాలంటే బలపం పట్టుకుని పలక మీద రాయాలి. ఆయన రాయడం పూర్తయ్యేలోగా తిట్టు తినవలసినవాడు ఇంటికి వెళ్ళి భోజనం కూడా చేసేస్తున్నాడు. నవ్వులాటకు ఇలా అన్నా, ఆ శంఖం సముద్రం దాటితే గొంతు ఇక ఎన్నటికీ రాదని అందరికీ తెలుసు. రాత్రిళ్ళు మహారాజు నోరు తెరిచి, మూసి, గోడవైపు తిరిగి పడుకోవడం హేమాంగదుడు కళ్ళారా చూశాడు.

పెద్దన్న ప్రసేనుడు కోట కాపలాకు ఉండిపోయాడు. రెండో అన్న విదూరథుడు అయిదువందల గుర్రాలతో రాజమార్గాన బయలుదేరి, మాంత్రికుడు కల్పించిన మంచులో చిక్కుకుని, మూడు రోజులుగా ఒకే సత్రం చుట్టూ తిరుగుతున్నాడు. ఇక మిగిలింది మూడోవాడు, మిగిలిన దారి మొసలివీపు.

శుక్తిద్వారంలో ఉన్న వేగు పావురం కాలికి కట్టి పంపిన తాటాకు ముక్క మీద రెండే వాక్యాలున్నాయి. "పూర్ణిమ ఉదయము మొదలు మూడవ పోటుకు ముందే మాంత్రికుని ఓడ చేరుము. ఆలస్యమైనచో శంఖము దక్కదు." గైరికపురం సముద్రానికి నెలరోజుల దూరంలో ఉంది. అక్కడివాళ్ళకు తెలిసిన అతి పెద్ద నీరు ఏనుగులు స్నానం చేసే మడుగు, అది మోకాళ్ళ లోతు. కాబట్టి ఆస్థాన నిఘంటుకారుడు పేరిభట్టుగారు ఆకు చేతిలోకి తీసుకుని, ముక్కుపొడుం పీల్చి, పోటు అనగా కత్తిపోటని, కుమారరత్నానికి దారిలో మూడు పోట్లు రాసిపెట్టి ఉన్నాయని, మూడోది పడేలోగా ఓడ చేరాలని వ్యాఖ్యానం చేశారు. సభ తలూపింది. రాణిగారు కొడుకుకి చొక్కా కింద తొడుక్కోమని ఇనుపకవచం చేయించారు. హేమాంగదుడు ఇంకో అడుగు ముందుకు ఆలోచించాడు. మూడో పోటు పడకుండా తప్పించుకుంటూ ఉన్నంతకాలం గడువు దాటదన్నమాట. ఈ తర్కం అతనికి ఎంతో నచ్చింది. గుర్రాలు మార్చుకుంటూ నెలరోజుల దారిని ఆరు రోజుల్లో వచ్చిన అలసట కూడా కొంత తీరింది.

పీతలపేటలో అతనికి దారి చూపడానికి ఒప్పుకున్నది నూకాలు. ఏభై దాటిన మనిషి, వారం వారం ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని ఈ కొండ దాటి రేవుకి వెళ్ళి వస్తుంది. గంప కాక ఆమె సామాను నడుముకు చుట్టిన కొబ్బరితాడు, భుజాన వేలాడే ఆనపకాయ బుర్రలో అంబలి, కొంగున చెకుముకి రాయి. అంతే. హేమాంగదుడి మూటలో పట్టుపరుపు, వెండి చెంబు, తాంబూలపు పెట్టె, గంధం తీసే సాన, నడుమెత్తు అద్దం, పన్నీరు బుడ్డి, నాలుగు జతల బట్టలు, ఒక కత్తి ఉన్నాయి.

"ఓ మగువా, నేను గాజుల వ్యాపారిని. నన్ను శుక్తిద్వారం చేర్చగలవా?" అని అతను మారువేషానికి తగినట్టు వినయంగానే అడిగాడు.

నూకాలు అతని పాదాల వైపు చూసింది. అవి రోజూ పాలతో కడిగిన పాదాలు. "నన్ను మగువా గిగువా అనకు బాబు, మా పేటోళ్ళింటే పడీపడీ నవ్వుతారు. పెద్దమ్మా అను, సాలు. మరి గాజులేవి?"

నాలుగు జతల బట్టలు సర్దుకున్నవాడు గాజులు మరిచిపోయాడు. అన్నీ అమ్ముడయిపోయాయని చెప్పాడు. మూట అంత పెద్దదిగా ఉందేమని ఆమె అడిగితే దాన్ని వీపు వెనక్కి తిప్పుకున్నాడు. నూకాలు ఆ క్షణం నుంచి అతన్ని గాజులబాబు అని పిలవడం మొదలుపెట్టింది. అందులో వెటకారం చిటికెడుకు తక్కువ లేదు.

కొండ ఎక్కడం మొదలయ్యాక మూట బరువు సంగతి తెలిసింది. మొదటి మలుపులో సాన దిగిపోయింది. రెండో మలుపులో అద్దం. వదిలే ముందు అందులో ఒకసారి చూసుకున్నాడు, చూసుకోకుండా ఉంటే బాగుండేదనుకున్నాడు. మొగలిపొదల దగ్గర పట్టుపరుపు ముళ్ళకు తగులుకుని చిరిగి, దూదంతా గాలికి లేచి సముద్రపు కాకుల గూళ్ళకు చేరింది. పరుపుని లాగబోయిన హేమాంగదుడి తొడలో జానెడు మొగలిముల్లు దిగింది. రక్తం వచ్చింది. ముల్లు పోటు కిందికి వస్తుందా రాదా అని అతను కాసేపు ధర్మశాస్త్రం ఆలోచించి, రక్తం చిందింది కాబట్టి వస్తుందని తీర్పు చెప్పుకుని, మనసులో ఒకటి అని లెక్క వేసుకున్నాడు. నూకాలు నోటితో ముల్లు పీకి, ఉప్పునీళ్ళు పోసింది. అప్పుడు అతను వేసిన కేక గైరికపుర రాజవంశానికి తగినట్టే ఉంది.

పొద్దు కొంచెం ఎక్కేసరికి దారి నీటి అంచున ఇసుకలోకి దిగింది. అక్కడ ఆమె ఉన్నట్టుండి ఆగి, ముందున్న బండల వైపు చూసి, "అమ్మ లెగుస్తంది, పైకెక్కు" అంది. ఎవరి అమ్మ అని అతను అడిగేలోపు రెక్క పట్టుకుని ఒక అరుగు మీదికి లాగింది. అప్పటిదాకా వాళ్ళు నడిచిన ఇసుకమేట కాసేపట్లో నీటికింద పడిపోయింది. రాజకుమారుడికి ఆ వింత బాగా నచ్చింది. ఏనుగులు దిగినప్పుడు మడుగు కూడా ఇలాగే పొంగుతుందని చెప్పాడు. ఈ సముద్రంలో ఏ ఏనుగు దిగిందో అని నూకాలు గంభీరంగా అడిగింది.

నీరు తగ్గాక మళ్ళీ నడక. మధ్యాహ్నానికి దూకుడుబండ వచ్చింది. అక్కడ దారి తెగిపోయి, నాలుగు నిలువుల ఎత్తున్న గోడ నేరుగా కిందికి దిగుతుంది. నూకాలు తాడు నడిమిని పొన్నమొదలుకి తగిలించి, రెండు కొసలూ కిందికి వదిలి, గంప తీయకుండానే జరజరా దిగిపోయింది. హేమాంగదుడు సగం దూరం దిగి, కిందికి చూసి, అక్కడే ఉండిపోయాడు. పైకీ రాలేడు, కిందికీ పోలేడు. గాలికి అతని మూట అటూ ఇటూ ఊగింది. తాంబూలపు పెట్టె జారి, బండకు తగిలి, తమలపాకులు పక్షుల్లా ఎగిరి వెళ్ళాయి. ఎక్కడ కాలు పెట్టాలో నూకాలు కింద నుంచి ఒక్కొక్కటే చెప్పి, అచ్చం దూడను గట్టు దింపినట్టు దింపుకుని, తాడు ఒక కొస పట్టి లాగేసుకుంది. నేలమీద కాలు పెట్టాక అతను చేతులు చూసుకున్నాడు. అరచేతుల నిండా బొబ్బలు. ఎందుకో ఆ బొబ్బలు చూసి అతనికి సంతోషమేసింది.

పొద్దు వాలే వేళ ఉల్లోలుడి మొదటి కాపలా ఎదురైంది. దారి మధ్యలో బండలా నిలబడి ఉన్నది బండ కాదు, తాటిచెట్టంత కొంగ. కళ్ళు నిప్పుకణికలు, ముక్కు ఈటె. ఒంటికాలి మీద జపం చేస్తూ ఉన్నది కాస్తా, మెడ చాచి, మెరుపు వేగంతో రాజకుమారుడి గుండె మీద పొడిచింది. ఠంగుమని మోత కొండలన్నీ తిరిగి వచ్చింది. రాజకుమారుడు వెల్లకిలా పడ్డాడు. కొంగ ముక్కు కొస పక్కకి వంగిపోయింది. దానికి ఇలాంటి అనుభవం ఇంతకు ముందు లేదు కాబోలు, వంగిన ముక్కును ఒక కంటితో, పడిన మనిషిని ఇంకో కంటితో చూసుకుంటూ నిలబడిపోయింది.

హేమాంగదుడు కత్తి కోసం మూట విప్పుతూ ఉంటే, నూకాలు గంపలోంచి బారెడు ఎండు సొరచేప ఒకటి తీసి దాని ముందు పడేసింది. కొంగ గుటుక్కుమనిపించింది. ఇంకొకటి పడేసింది. కొంగ కళ్ళలో నిప్పు ఆరిపోయి, మామూలు కొంగకళ్ళు వచ్చాయి. "ఎవులో కాపలా ఎట్టినారు గాని, కూడెట్టడం మర్సిపోనారు పాపం" అని నూకాలు దాని కాలు నిమిరి దారి తప్పించింది. తర్వాత ఇటు తిరిగి, "బాబూ, నీది ఇనప గుండెకాయేటి?" అంది.

చిన్నప్పటి నుంచీ అంతేనని అతను చెప్పాడు. మనసులో మాత్రం రెండు అని లెక్కపెట్టి, గుండెల నిండా గాలి పీల్చుకున్నాడు. ఇక ఒక్కటే మిగిలింది. అది పడకుండా చూసుకుంటే చాలు.

ఆ రాత్రి వాళ్ళు బస చేసింది కొండ నడుమున ఉన్న పావురాల గుహలో. నూకాలు ఎండుపుల్లలు రాజేసి చేప కాల్చింది. అంబలి బుర్ర చెరో గుక్కగా మార్చుకున్నారు. ఉదయం నుంచి మోసుకొచ్చిన వెండి చెంబులో నీళ్ళు లేవు, ఊరికే చెంబే ఉంది. పన్నెండు రకాల పిండివంటలు వడ్డిస్తే రెండు రుచి చూసి లేచే రాజకుమారుడు ఆ చేప ముల్లుతో సహా నమిలేసి, వేళ్ళు నాకి, ఇంకొకటి ఉందా అని అడిగాడు. కింద ఎక్కడో నీరు మళ్ళీ లేచి గుహ గుమ్మం దాకా వచ్చి, బండల్ని కొడుతూ వెన్నెల్లో పొంగింది. దాన్ని చూస్తూ చూస్తూనే అతను రాతి మీద నిద్రపోయాడు. పట్టుపరుపు గురించి ఒక్కసారి కూడా తలుచుకోలేదు.

తెల్లారగానే నూకాలు తాడు చుట్టుకుని, గంప ఎత్తుకుని సిద్ధమైంది. హేమాంగదుడు మాత్రం గుహలో గోడకు వీపు ఆనించి, కవచం మీద చేతులు కట్టుకుని, ఎంతో ప్రశాంతంగా కూర్చున్నాడు. ఎదురుగా సముద్రం, వెనక రాయి, పొడవడానికి ఎవరూ వచ్చే వీలు లేదు. మూడో పోటు ఇక్కడికి ఎలా వస్తుందో చూద్దాం అని అతని ధీమా. కాస్త ఎండెక్కాక వెళ్దామన్నాడు. ఎండెక్కింది. ఇంకో చేప కాల్చమన్నాడు. కాల్చింది. రాత్రి కాళ్ళు బాగా పీకాయి, ఇంకాసేపు కూర్చుంటానన్నాడు.

నూకాలు గంప దించి, ఆరిన పాదాలు చాపుకుని కూర్చుంది. "సరే గాజులబాబు, నీకే తొందర్లేకపోతే నాకేటి. ఇంకో గడియ పోతే మూడో పోటొచ్చీస్తాది. కోడిమెడ మునిగిపోతాది. మల్లీ పొద్దు వాలీదాకా ఈడే కూకుందుం."

రాజకుమారుడు ఒక్క గెంతున లేచాడు. కత్తి దూసి, గోడకు కరుచుకుని, ఎవరు, ఎటునుంచి వస్తున్నారు, ఎంతమంది అని అడిగాడు. నూకాలు వెనక్కి తిరిగి చూసింది. అక్కడ ఒక పావురం తప్ప ఎవరూ లేరు. ఎవరొచ్చేదీ, ఎవరిని పొడిచేదీ తెలియక ఆమె అతని నుదుటి మీద చెయ్యి పెట్టి జ్వరమేమో చూసింది. ఇక దాచి లాభం లేదని హేమాంగదుడు తాటాకు తీసి చదివి, పేరిభట్టుగారి వ్యాఖ్యానంతో సహా మొత్తం చెప్పేశాడు. తాను గాజుల వ్యాపారిని కానన్నాడు. ఆ సంగతి నిన్ననే తెలుసని ఆమె అంది. కత్తిపోటు అన్న మాట రాగానే నూకాలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మొగలిముల్లు ఒకటి, కొంగ రెండు అని లెక్క చెప్పేసరికి ఆపుకోలేక, పొట్ట పట్టుకుని నేలమీద కూలబడి నవ్వింది. అయితే తండ్రిగారి గొంతు అనగానే ఆ నవ్వు టక్కున ఆగింది.

"పోటంటే కత్తిపోటు కాదు బాబు. అమ్మ లెగిసీది పోటు, పడుకునీది ఆటు. నిన్న పొద్దున్న ఒకటి, రేత్రి ఒకటి. రెండూ నీ కళ్ళతోనే సూసినావు." గుహ బయటికి చెయ్యి చూపింది. దూరాన, సముద్రం అంచు నల్లగా ఉబ్బి ఇటు కదులుతోంది. "అదిగో, అదీ మూడోది."

హేమాంగదుడు కత్తి ఒరలో దోపాడు. రాజ్యంలో ఇంతమంది పండితులు ఉండి, ఇంత చిన్న మాట ఒక్కరికీ తెలియకపోయిందే అనుకున్నాడు. తెల్లారినప్పటి నుంచీ తండ్రి గొంతును తన చేతులారా సముద్రంలోకి తోసినట్టే అయింది. నిన్నంతా ఈ మాట ఎందుకు అనలేదని అడిగితే, కాలు తడిగా ఉన్నంతసేపూ ఆ పేరు ఎత్తకూడదని, ఎత్తితే అమ్మ పిలిచారనుకుని ముందే వచ్చేస్తుందని, వాళ్ళ పేటలో అందరికీ తెలుసని నూకాలు చెప్పింది. ఇవాళ పొడికాళ్ళతో కూర్చుంది కాబట్టి నోట వచ్చింది. లేకపోతే అదీ లేదు.

ఇక పరుగు. గుహ నుంచి కోడిమెడ అరకోసు దూరం. కోడిమెడ అంటే రెండు కొండల మధ్య నీళ్ళలోకి దిగిన సన్నని రాతిపట్టె, దాని అవతలే రేవు. వాళ్ళు చేరేసరికి పట్టె అప్పటికే తొడల లోతు నీటి కింద ఉంది. అల వచ్చినప్పుడు తలదాకా, పోయినప్పుడు మోకాళ్ళ దాకా. నూకాలు తాడు ఒక కొస తన నడుముకి, రెండో కొస అతని నడుముకి బిగించి, "ఇనుము ఒగ్గేయ్" అంది.

అమ్మగారు చేయించిన కవచమని అతను తటపటాయించాడు. కొంగ పోటుకు ప్రాణం కాపాడింది కూడా.

"కొంగకి పనికొచ్చినాది బాబు. నీళ్ళు పొడవవు, మింగుతాయి. అది తొడుక్కున్నావంటే నీతోపాటు నన్నూ లాక్కుపోతావు."

కవచం విప్పి బండ మీద పెట్టాడు. వెండి చెంబు కూడా పెట్టాడు. అల వెనక్కి పోగానే ఆమె ముందు, అతను వెనక, రాయి తడుముకుంటూ దిగారు. అల వచ్చినప్పుడు రాతిని కరుచుకోవడం, పోయినప్పుడు నాలుగడుగులు వెయ్యడం. ఒకటి, రెండు, మూడు అలలు బాగానే గడిచాయి. నాలుగోది కొండలా వచ్చింది. హేమాంగదుడి చెయ్యి జారింది, కాళ్ళ కింద నేల పోయింది, నోటి నిండా, చెవుల నిండా ఉప్పునీరు. మోకాళ్ళ లోతు మడుగులో పెరిగినవాడికి ఈత ఎక్కడిది? మూట పోయింది, కత్తి పోయింది, నాలుగు జతల బట్టలూ పోయాయి. దాచడమెందుకు, ఆ క్షణాన అతను భయంతో ఏడ్చాడు. ఏడుపు సముద్రంలో కలిసిపోయింది కాబట్టి ఎవరికీ తెలియలేదు. నడుముకున్న తాడు ఒక్కసారి బిగిసింది. నూకాలు రాతిపగులులో మడమలు తన్నిపెట్టి, పళ్ళు బిగించి, వల లాగినట్టు అతన్ని చేతికి చేయి మార్చి లాగింది. ఒడ్డున పడ్డాక అతను కళ్ళు తెరిచి చూస్తే, ఆమె నిలువునా తడిసి ఉంది. గంప మాత్రం నెత్తి మీద నిటారుగా ఉంది. అందులో ఒక్క చేప తడవలేదు.

రేవులో ఉల్లోలుడి ఓడ పోటుకు ఎత్తుగా లేచి తాళ్ళు తెంచుకోవాలన్నట్టు ఊగుతోంది. మూడు తెరచాపలు, మూడూ నలుపు. మొనకు వెండి తొడుగులు వేసిన మొసలి తల, పొట్ట పొడుగునా అతికిన ఆలిచిప్పలు ఎండకు వేయి కళ్ళలా తళతళమంటున్నాయి. లంగరు సగం లేచింది. ఎక్కుడుపలక ఒక్కటే ఇంకా ఒడ్డున ఉంది. దాని దగ్గర నిలబడ్డ ఇద్దరు భటులు చేతిలో గైరికపురం మూడో రాజకుమారుడి చిత్తరువు పెట్టుకుని వచ్చేపోయే ప్రతివాడి మొహంతో పోల్చి చూస్తున్నారు. ఆస్థాన చిత్రకారుడు వేసిన ఆ బొమ్మలో ముత్యాల తురాయి, దువ్విన మీసం, పూర్ణంబూరెల్లాంటి బుగ్గలు ఉన్నాయి.

నూకాలు బొమ్మనీ మనిషినీ ఒకసారి చూసి, ఏ మారువేషమూ అక్కర్లేదని తేల్చేసింది. గంప ఎత్తి అతని నెత్తిన పెట్టింది. "వొంగి నడు. రాజులాగ నడవకు."

ఎలా నడవాలో చెప్పమంటే, మెడ మీద బరువుంటే అదే వస్తుందని తోసింది. నిజంగానే అదే వచ్చింది. తడి పంచె, ఒళ్ళంతా గీతలు, బొబ్బల చేతులు, చేపల వాసన. భటులు బొమ్మవైపు కూడా చూడకుండా ముక్కు మూసుకుని దారి ఇచ్చారు. పైన వంటవాడు గంప చూసి సంబరపడి, అడుగు అరలో దింపి రమ్మన్నాడు. నూకాలు పలక మీదే నిలబడి, మా చేపల్ని వాసన చూసి మరీ మొహం చిట్లిస్తావా అని వంటవాడితో కావాలని తగువు పెట్టుకుంది. పలక మీద మనిషి ఉండగా ఓడ కదలదు. ఆమె నోరు ఎంతసేపు నడిస్తే అతనికి అంతసేపు గడువు.

అడుగు అరకు పక్కనే చిన్న తలుపు. తోస్తే తెరుచుకుంది. లోపల చీకట్లో, అరల నిండా, వరస వరసలుగా శంఖాలు. నూరు ఉంటాయో, రెండు నూర్లు ఉంటాయో. అన్నిటి మూతులకూ మైనం. హేమాంగదుడు గంప దించి, ఒక్కొక్క శంఖం చెవికి ఆనించుకున్నాడు. ఒకదానిలో ఎవరో బిడ్డను జోకొడుతున్నారు. ఒకదానిలో మజ్జిగ అమ్మే కేక. ఒకదానిలో ముసలాయన నవ్వు, ఆగకుండా. ఇంతమంది ఇళ్ళలో ఇంత నిశ్శబ్దం ఉందన్నమాట అనుకున్నాడు. పైన నూకాలు గొంతు ఇంకా వినబడుతోంది గానీ, దాన్ని దాటి భటుల గొంతులు లేస్తున్నాయి. ఎవరో ఆమెను పలక మీంచి దింపేస్తున్నారు. తర్వాత పలక లాగిన చప్పుడు. ఓడ మెల్లగా, మూడో పోటు ఎక్కి, ఒడ్డును వదిలింది.

ఆఖరి వరసలో, ఇంకా మైనం పూర్తిగా ఆరని శంఖం ఒకటి ఉంది. చేతిలోకి తీసుకోగానే మైనం పగిలింది.

సింహనాద మహారాజుకి ముగ్గురు కొడుకులు, ఒక పట్టపుటేనుగు. మూడోవాణ్ణి పిలవాలంటే ఆయన ముందు ప్రసేనా అంటారు, కాదు కాదు విదూరథా అంటారు, అదీ కాదని ఏనుగు పేరు కూడా పిలిచి, అప్పుడు గానీ సరైన పేరు దొరకదు. సభ అంతా నవ్వేది. హేమాంగదుడూ నవ్వేవాడు. ఇరవై ఏళ్ళుగా ఒక్కసారీ మొదటి దెబ్బకి తన పేరు రాలేదని మాత్రం ఏనుగు పక్కన కూర్చుని అప్పుడప్పుడు అనుకునేవాడు.

"హేమాంగదా" అంది శంఖం.

ముందు ప్రసేనుడు లేడు, విదూరథుడు లేడు, ఏనుగు లేదు. పది రోజులుగా చీకట్లో పిలిచీ పిలిచీ కాస్త బొంగురుపోయినా, మూడో ఊళ్ళో ఎడ్లను ఆపే గొంతే. ఓడ పలకలు అదిరాయి. మళ్ళీ "హేమాంగదా" అంది. పైనుంచి దిగుతున్న అడుగుల చప్పుడు మెట్ల మధ్యలో ఆగింది. దోమ లాంటి గొంతు ఒకటి, అడుగు అరలో ఉన్నది ఎవరని సన్నగా అడిగింది.

గంప పక్కన నక్కి, ఊపిరి బిగపట్టి, నోరు మూసుకోవలసిన సమయం అది. శత్రువు ఓడలో, కత్తీ కవచమూ లేకుండా, చుట్టూ సముద్రం ఉన్నవాడు ఎవడైనా ఆ పనే చేస్తాడు. హేమాంగదుడికి అదంతా తెలుసు. కానీ తండ్రి పిలిచాడు.

"వచ్చాను నాయనగారూ" అని గట్టిగా పలికాడు.